చిలకపచ్చ ముక్క

జ్యోతిక సాయినాథ్‌తో తిరుగుతోందని టెన్త్ అమ్మాయిలు చెప్పుకుంటున్నారు. బడి వదలగానే దిల్‌సుఖ్‌నగర్‌లో సుమిత్రమ్మ మ్యాచింగ్ సెంటర్ మెట్ల మీద ఇద్దరూ తలలు దగ్గర పెట్టుకుని నిలబడతారట. వాళ్లమ్మ చీరకు ఫాల్ వేయించడానికొచ్చిన వాళ్ల క్లాసు తేజస్విని ఈ మాట నాకే చెప్పింది.

"నీ ముంగటనే గదనే. చూస్తలేవా?"

చూస్తూనే ఉన్నాను. తొమ్మిదితో నా చదువు ఆగింది. అప్పటి నుంచి ఆ షాపు గుమ్మం పక్కన చీరలకు ఫాల్, పికో కుట్టే మిషన్ నాదే. సాయినాథ్ సుమిత్రమ్మ కొడుకు. ఇంటర్ చదువుతూ సాయంత్రాలు కౌంటర్‌లో కూర్చుంటాడు.

చీరకు మ్యాచింగ్ జాకెట్ గుడ్డ కావాలంటూ జ్యోతిక రోజూ బ్యాగులోంచి చిలకపచ్చ గుడ్డముక్క తీస్తుంది. ట్యూబులైటు కింద రంగు మోసం చేస్తుంది కాబట్టి, ఎవరొచ్చినా జాకెట్ గుడ్డ తానును మెట్ల మీదికి తెచ్చి పగటి వెలుతురులో ముక్క పక్కన పెట్టి చూపిస్తాం. రోడ్డు మీద పోయేవాళ్లు చూసింది అదే. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసినా, అతను ఆమె చేతి మీదికి వంగగానే నా కాలు పెడల్ మీద ఆగిపోయేది.

"నీ పచ్చ యాడా దొరకదు పిల్లా" అని నవ్వేవాడు. నన్ను మాత్రం "ఫాల్ అయ్యిందా?" అని తప్ప ఇంకోటి అడిగి ఎరుగడు. ఆమె కూడా నవ్వేది. తొమ్మిదో తరగతి దాకా బెంచీ మీద నా పక్కన కూర్చుని నవ్విన నవ్వే అది. ఇద్దరిలో ఎవరిని చూసి కుళ్లుకుంటున్నానో నాకే తెలిసేది కాదు.

మంగళవారాలు సాయినాథ్ ట్యూషన్‌కు ఎల్బీనగర్ వెళ్తాడు. ఆ రోజుల్లోనూ జ్యోతిక వచ్చేది. రాగానే లోపలికి తొంగి చూసేది. అతని కోసమేననుకునేదాన్ని.

మొన్న మంగళవారం తలెత్తకుండానే అన్నాను. "ఇయ్యాల నీ సాయినాథ్ రాడు."

"తెల్సు. వాడు మంగళారం ఎన్నడొచ్చిండు?"

"మరి ఎవల కోసం తొంగి చూస్తవ్?"

"మీ షాపు ఆంటీ ఉన్నదా అని. ఊకె నిలబడితే ఊకుంటదా? కొనెటోళ్లే మెట్లెక్కాలె అంటది. గందుకే గీ ముక్క."

నా స్టూలు అంచు మీద కూర్చుని మోచేత్తో నెట్టింది. "జర జరుగు. క్లాసుల నీ జాగల ఎవ్వరినీ కూసోనిస్తలే నేను."

జరిగాను.

ఆ చిలకపచ్చ చీరకు జాకెట్ పోయిన దసరాకే కుట్టించేశారట.