సంతకాల అక్క నేర్పిన యాప్

మా బ్యాంకుకు మొత్తం ఐదే శాఖలు. అందులో మాది అన్నిటికన్నా ఇరుకు. కౌంటర్ వెనక పందొమ్మిదేళ్లుగా కూర్చున్నావిడను అందరూ సంతకాల అక్క అనేవారు. మేనేజరుగా నాకు ఏసీ గది ఉండేది, పలుకుబడి మాత్రం ఆవిడదే. అది ఒప్పుకోవడానికి నాకు సిగ్గేం లేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది.

ఎవరైనా ఒళ్లు దగ్గర పెట్టుకుని సంతకం చేస్తే అది బ్యాంకులో ఉన్న పాత సంతకంతో కలిసి చావదు. అక్కకు ఆ సంగతి తెలుసు. అందుకే కాగితం చేతికిచ్చి, "పెద్దమ్మాయి పరీక్షలు ఎలా రాసింది?" అంటూ కబుర్లలోకి దింపేది. మాటల్లో పడి గీకి పడేసిన సంతకం అచ్చు పాతదానిలాగే వచ్చేది. చేతులు వణికే ముసలివాళ్లను కూడా ఆవిడ ఒక్కనాడూ వెనక్కి పంపలేదు.

ఇంతలో ఎదురుగా ఒక పెద్ద బ్యాంకు అద్దాల తలుపులతో వెలిసింది. పది నిమిషాల్లో ఫోన్‌లోనే అప్పిచ్చే కంపెనీలు వచ్చాయి. మా వడ్రంగి, మా మందుల షాపాయన ఒక్కొక్కరే జారుకున్నారు. హెడ్డాఫీసుకు గుండెల్లో రాయి పడింది. మేమూ ఒక యాప్ తెచ్చాం. దాంతోపాటు నాకు విడిగా ఒక ఉత్తరం వచ్చింది. ఖాతాదారుల్లో ముప్పాతిక మంది యాప్‌లోకి మారగానే మా శాఖలో కౌంటర్ ఎత్తేస్తారు, కాంట్రాక్టు ఉద్యోగిని తీసేస్తారు. ఆ కాంట్రాక్టు ఉద్యోగి అక్కే. ఇన్నేళ్లలో ఆవిడను పర్మినెంట్ చేసిన పాపాన పోలేదు. ఆ జీతం మీదే ఆవిడా, మంచం పట్టిన ఆడపడుచూ బతుకుతున్నారు.

ఉత్తరాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. జనం నమ్మేది అక్కనే కాబట్టి యాప్ నేర్పే పని ఆవిడకే అప్పజెప్పాను. ఉన్న విషయం చెబితే పని నెమ్మదిస్తుందని, నా ప్రమోషన్ ఆగుతుందని నోరు మెదపలేదు.

అక్క నడుం బిగించింది. "అన్నయ్యా, ఇది నొక్కితే చాలు. ఇక నన్ను తిట్టుకుంటూ క్యూలో నిలబడక్కర్లేదు" అని నవ్వించేది. మధ్యాహ్నం తిండి మానేసి కూరగాయల మార్కెట్‌కి వెళ్లి, తక్కెళ్ల పక్కన నిలబడి మరీ నేర్పింది. ఆరు నెలలు గడువిస్తే మూడు నెలల్లో ముగించింది. లెక్క నా బల్ల మీద పెట్టి, "చూశారా సార్, ఇక మన బ్యాంకును ఎవడూ కదిలించలేడు" అంది.

"భేష్" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ అద్దంలో నా మొహం చూసుకోబుద్ధి కాదు.

వారంలో ఉత్తర్వు వచ్చింది: ముప్పాతిక మంది యాప్‌లోకి మారారు కాబట్టి కౌంటర్ ఎత్తేస్తున్నాం, కాంట్రాక్టు ఇంతటితో సరి అని. గదిలోకి పిలిచి చేతికిచ్చాను. రెండుసార్లు చదువుకుంది.

"కాస్త మెల్లగా చేసుంటే ఇంకో మూడు నెలలు ఉండేదాన్ని కదా సార్?"

నేను ఫైళ్లు సర్దుతున్నట్టు నటించాను.

"మీకు ముందే తెలుసా?"

"లేదమ్మా. నాకూ ఇవాళే తెలిసింది."

నా మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయి ఉంటుంది. అది తన మీద జాలి అనుకుందావిడ. కళ్లు తుడుచుకుని మంచినీళ్ల గ్లాసు నా ముందుకు జరిపింది.

"ఊరుకోండి సార్. మీకూ చెప్పకుండానే చేశారన్నమాట. మీరు మాత్రం ఏం చేస్తారు?"

నేను ఆ నీళ్లు తాగాను.