బొమ్మలో తప్పు పట్టిన రాజవ్వ

ఈ రోజు సాయంత్రం కరీంనగర్‌లో యూనివర్సిటీ వేసవి కచేరీకి వెళ్లాను. అది మొదలయ్యేలోగా, పక్క హాల్లో విద్యార్థుల బొమ్మల ప్రదర్శన చూద్దామని అటు నడిచాను. బీడీలు చుట్టే ఆడమనిషి బొమ్మ ముందు ఒక పెద్దావిడ కదలకుండా నిలబడి ఉంది. పేరు రాజవ్వ అట. మనవరాలు కచేరీలో పాడుతోందని మెట్‌పల్లి నుంచి వచ్చింది.

బొమ్మ వేసిన సనా అనే అమ్మాయి దగ్గరికొచ్చి, “మంచిగుందా అవ్వా?” అని అడిగింది.

“మొఖం మంచిగుంది బిడ్డా. చేతి ఏళ్లే... ఆకును పువ్వు పట్టుకున్నట్టు పట్టుకున్నది. గట్ల పడితే తంబాకంత రాలిపోతది.”

సనా చిన్నబోయింది. “ఫోటో చూసి ఏసిన అవ్వా. జర చేసి చూపెడ్తవా?”

రాజవ్వ అక్కడే నేల మీద కూర్చుని, ప్రదర్శన కరపత్రం చింపి చుట్టడం మొదలుపెట్టింది. ఆ వేళ్ల వేగాన్ని సనా పెన్సిల్ అందుకోలేకపోయింది. ఇంతలో మైకులో మనవరాలి పేరు వినిపించింది.

“పాట షురూ అయితుంది అవ్వా, పో” అంది సనా.

“దాని పాట ఇంట్ల రోజు ఇంటనే ఉంట. గిన్నేండ్లు బీడీలు చేస్తే, నా చేతులు గిట్ల ఎవలు చూసిన్రు? నువ్వు గియ్యి బిడ్డా.”

పాట అయిపోయేదాకా ఇద్దరూ తలెత్తలేదు. నేనూ కదల్లేదు. కాబట్టి కచేరీ ఎలా జరిగిందని నన్నడగకండి. మీరెప్పుడైనా ఇంట్లోవాళ్ల చేతులను అంతసేపు చూశారా? ఏ పని చేస్తుండగానో చెప్పండి.