నాంచారి చూపించిన మూడో మెట్టు

2002లో నేను అవనిగడ్డలో అద్దెగది తీసుకుని దివిసీమ ఊళ్లలో సర్వే చేస్తుండేదాన్ని. పన్నెండేళ్ల పిల్లలు పెద్దవుతున్నకొద్దీ వాళ్ల సంతోషం ఎలా మారుతుందో చూడటం మా పని. ఏటా అదే పిల్లల్ని, అదే నెలలో, అవే ప్రశ్నలు అడగాలి. దీన్ని ఫాలోఅప్ అంటారు. వినడానికి తేలికగానే ఉంటుంది. ఎండలో బస్సు దిగి రెండు మైళ్లు నడిచాక, ఆ పిల్ల మేనమామగారి ఊరు వెళ్లిందని చెప్తే తెలుస్తుంది ఎంత తేలికో.

మా సంచిలో ల్యాడర్ కార్డు ఉండేది. దాని మీద పది మెట్ల నిచ్చెన బొమ్మ. పదో మెట్టంటే బతుకు చాలా బాగున్నట్టు, ఒకటో మెట్టంటే అస్సలు బాగోలేనట్టు. ఈ కార్డు ఎందుకంటే, మన వైపు ఏ పిల్లనైనా "ఎలా ఉన్నావు?" అని అడిగితే "బాగున్నానండీ" తప్ప ఇంకో మాట రాదు. పక్కన పెద్దవాళ్లుంటే ఆ మాట కూడా వాళ్లే చెప్పేస్తారు. అందుకని పిల్లను విడిగా కూర్చోబెట్టి అడగాలి. చెప్పింది ఇంట్లోవాళ్లకు చెప్పకూడదు. ఈ రూలు ట్రైనింగ్‌లో నాలుగుసార్లు చెప్పారు. నాలుగుసార్లూ తలూపాను.

నాంచారి వాళ్లది సముద్రం పక్క ఊరు. తండ్రి ఏడుకొండలు వేటకు వెళ్తాడు, తల్లి చేపలు అమ్ముతుంది. మొదటి ఏడు ఆ పిల్ల ఎనిమిదో మెట్టు మీద వేలు పెట్టింది. రెండో ఏడు ఆరు. అందులో వింతేమీ లేదు, చాలామంది పిల్లలు అలాగే దిగేవాళ్లు. మూడో ఏడు తొమ్మిదో తరగతిలో ఉంది. కార్డు వైపు చాలాసేపు చూసి మూడు చూపించింది.

"ఎందుకమ్మా?" అన్నాను.

"లెక్కలు అర్థం కావట్లేదండి. క్లాసులో నాకే తక్కువ మార్కులు. సారు మళ్లీ చెప్తానన్నారు. ఎలాగైనా పది పాసవ్వాలండి నేను. నర్సు ట్రైనింగుకి వెళ్తాను."

అంతా రాసుకుని బయటికొచ్చాను. అరుగు మీద వల బాగుచేసుకుంటున్న ఏడుకొండలు లేచి, కొబ్బరిబోండం కొట్టి నా చేతికిచ్చాడు.

"ఎన్నో మెట్టు చెప్పిందండీ మా అమ్మాయి?"

"చెప్పకూడదండీ."

"కన్నతండ్రినండీ, నాక్కూడానా?"

ఆయనిచ్చిన బోండం తాగుతూ కాదనడానికి మొహమాటం వేసింది. "మూడండీ" అన్నాను. కారణం మాత్రం చెప్పలేదు. సగం రూలైనా పాటించానని తృప్తిపడ్డాను.

మరుసటి ఏడు వెళ్లేసరికి నాంచారి ఇంటిముందు రొయ్యలు ఎండబెడుతోంది. బడి లేదా అని అడిగితే తండ్రే జవాబు చెప్పాడు.

"మాన్పించేశానండీ. మీరు మూడన్నారు కదా. పుస్తకం ముందేసుకుని ఏడవడం నేనూ చూశాను. పిల్ల అంత కుమిలిపోతుంటే ఆ చదువెందుకండీ? ఇంటిపట్టున హాయిగా ఉంటుంది."

కోపంతో చేసిన పని కాదు. కూతురి మీద ప్రేమతోనే చేశాడు.

నాంచారిని లోపల కూర్చోబెట్టి కార్డు తీశాను. దాని వైపు చూడకుండానే "పది" అంది.

"బొమ్మ చూసి చెప్పమ్మా."

"పదే రాసుకోండి మేడమ్."

"మీ నాన్నగారితో నేను మాట్లాడతాను. నీకు చదువుకోవాలని ఉందని చెప్తాను."

"వద్దండి. పోయినేడు మాట్లాడారుగా."

పది అని రాసుకున్నాను. ఆఫీసులో మా సూపర్‌వైజర్ గారు ఆ ఫారం చూసి, "మూడు నుంచి పదికొచ్చిందే! మంచి మార్పు" అన్నారు. కాగితం మీద నిజంగా అలాగే కనిపిస్తుంది. జరిగింది చెప్పాను. ఆయన ఫారం మూల ఏదో గుర్తు పెట్టి పక్కన పడేశారు. నాలుగు చివాట్లు పెట్టి ఉంటే బాగుండేదనిపించింది. ఎందుకంటే తప్పు పూర్తిగా నాదే.

తర్వాత కొన్నేళ్లపాటు అదే పని చేశాను. అరుగుల మీద తండ్రులు ఆ ప్రశ్న అడుగుతూనే ఉండేవాళ్లు. "మీ అమ్మాయి లోపలే ఉందిగా, మీరే అడగండి" అనేదాన్ని. చాలామంది నవ్వి ఊరుకునేవాళ్లు. ఒకళ్లిద్దరు మాత్రం లేచి లోపలికి వెళ్లారు. ఏడుకొండలుతో కూడా నేను అనాల్సింది ఆ ఒక్క మాటే.