నాలుగో ప్రయత్నం

కాదు, ఆ రోజు ఓడిపోయింది నా వల్ల కాదు. ఎన్నిసార్లు చెప్పినా మా నాచారం జట్టువాళ్లు ఒప్పుకోరు. అందుకే అంతకుముందు మ్యాచ్ నుంచి చెప్తాను.

మాకు అమెరికన్ ఫుట్‌బాల్ నేర్పింది ఒకప్పటి కబడ్డీ ఆటగాడు, కాలేజీలో పీటీ సార్. నా ఫోన్‌లో ఆగి ఆగి ఆడే వీడియోలే మా రూల్స్ పుస్తకం. ఫ్యాక్టరీ బంద్ ఉన్న రోజుల్లో దాని వెనక గ్రౌండ్ మాదే. బంతి విసిరేది నేను. అందుకుని పరిగెత్తేది బావ. చర్లపల్లిలో లేత్ మీద పనిచేసే దోస్తు, చుట్టరికమేం లేదు.

కబడ్డీలో పాయింట్లు ఎక్కువున్న జట్టు చివర్లో ఒక పని చేస్తుంది. కూతకెళ్లినవాడు ఎవర్నీ ముట్టడు. టైం గడిపి, తన వైపు వచ్చేస్తాడు. వచ్చాడంటే బతికినట్టే. సార్‌కు తెలిసిన తెలివి అదే.

ఉప్పల్ జట్టు మీద ఒక్క పాయింటు ముందున్నాం. చివరి నిమిషం. బంతి మా గోల్ గీత దగ్గర్లోనే ఉంది. దూరంగా విసురుతానన్నాను.

"విసరకు. ఆనికియ్యి. టైం తియ్యుమను" అన్నాడు సార్.

బావకిచ్చాను. నలుగురు మీదికొచ్చారు. "ఎనక్కి రారా! ఇంటికొచ్చెయ్!" అని సార్ అరిచాడు. బావ కూడా కబడ్డీవాడే. వెనక్కి తిరిగి మా గీత దాటి, గెలిచినట్టు నిలబడ్డాడు. ఉప్పల్‌వాళ్లు అక్కడే పడేశారు. బంతితో మన గీత వెనక పడితే అవతలివాళ్లకు రెండు పాయింట్లు. ఒక్క పాయింటుతో ఓడిపోయాం.

"ఏందిరా, ఇంటికొచ్చినా సస్తరా ఈ ఆటల?" అన్నాడు బావ, నేల మీద కూర్చునే.

సార్ మాత్రం, ముందు విసురుతానన్నందుకు, నా వైపే వేలు చూపించాడు. "ఈసారి నా మాట దాటి విసిరినవో, మళ్ల బంతి ముట్టనియ్య."

మళ్లీ ఉప్పల్‌తోనే ఆడాం. మళ్లీ ఆట చివర్లో ఒక్క పాయింటు ముందున్నాం. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు పోతేనే బంతి మనకుంటుంది. మూడు అయిపోయాయి, ఇంకా రెండు గజాలు కావాలి. అవి వస్తే మిగిలిన టైమంతా మాదే. సార్ గట్టు మీంచి కాలు ఊపి చూపించాడు. దూరంగా తన్నెయ్, బంతి వాళ్లకిచ్చి కాచుకుందాం అని.

నేను విసిరాను. బావ వేళ్లకు తగిలి కింద పడింది. పడినచోటే బంతి వాళ్లదైంది, అక్కణ్నుంచే ఉప్పల్‌వాళ్లు గెలిచారు.

ఆట అయ్యాక సార్ వచ్చి నా చేతిలోంచి బంతి లాక్కున్నాడు. "రేపట్నించి నీళ్లు మొయ్యి."

ఫోన్ తీసి వీడియో పెట్టాను. "సూడుండ్రి సార్, ఈళ్లు నాలుగోసారి తన్నలే."

"గా ఫోన్ల వాళ్లు గెలుస్తరు. నువ్వు గ్రౌండ్ల గెలువు."

"మొన్న మీ మాట ఇని గెలిచినమా?"

"మొన్న ఓడినా తెలివిగ ఓడినం."

బావ నవ్వబోయి ఆపుకున్నాడు.

ఆ తర్వాత నాకు బంతి దొరకలేదు. నీళ్లూ మోయలేదు, సారీ కూడా చెప్పలేదు. ఇప్పుడూ చెప్పను. తప్పంటున్నారు కదా, మీరే రండి. గెలుపు రెండు గజాల్లో ఉంది, బంతి మీ చేతిలో ఉంది. తన్ని వాళ్లకిచ్చేస్తారా?