ఎర్ర పళ్లెంలో సంగటి

రెడ్డెమ్మ వేళ్లు గోధుమరంగు ఫెల్టు గుడ్డ అంచున కాజా కుట్టు వేసుకుంటూ పోతున్నాయి. మూడొంతులు కుట్టి, మిగిలిన సందులోంచి బియ్యం పోసి, అరచేతిలో ఎగరేసి చూసింది. తేలికనిపించి ఇంకో గుప్పెడు పోసింది. చేతికి బరువు తెలియకపోతే పిల్లలు దాన్ని తిండి అనుకోరని ఆమె పట్టుదల.

రాయచోటి పక్క పల్లె నుంచి వచ్చి, కువైట్ సాల్మియాలోని ఈ ఇంగ్లీషు నర్సరీలో పన్నెండేళ్లుగా ఆయా పని చేస్తోంది. నర్సరీ యజమానురాలైన కువైటీ ఆవిణ్ని అందరూ మామా అంటారు. చిరిగిన బొమ్మల్ని విప్పి, లోపల ఎట్లా కుట్టారో చూసి, తనంతట తానే నేర్చుకుంది. క్లాసులో పచ్చ పళ్లెంలోని క్యారెట్టు, ఖర్జూరం, ఎర్ర పళ్లెంలోని బర్గరు, చిప్సు అన్నీ ఆమె చేతివే. ఇంగ్లీషు రాని నాలుగేళ్ల పిల్లలు ఒక్కో బొమ్మ పట్టుకొని పేరు చెప్పి, మంచి తిండిని పచ్చ పళ్లెంలో, చెడ్డ తిండిని ఎర్రదాంట్లో వేయాలి.

ఇప్పుడు కుడుతున్నది రాగిసంగటి ముద్ద. ఎర్ర పళ్లేనికే.

దీనికి కారణం అక్షయ. ఇంజినీరుగారి కూతురు. చేరి ఏడు నెలలైనా ఇంగ్లీషులో నోరు విప్పలేదు. పది గంటలకు తన డబ్బా వదిలేసి రెడ్డెమ్మ పక్కన చేరి, ఆమె డబ్బాలోంచి వేలెడంత సంగటి మింగి వెళ్లేది. తల్లికి తెలిసి ఫిర్యాదు పెట్టింది. దాంతో ఎర్ర పళ్లేనికి సంగటి ముద్ద కుట్టమని టీచరు చెప్పింది.

"ఇది మేం దినే కూడు గదా మేడమ్, చెడ్డదెట్లయితాది?" అంది రెడ్డెమ్మ.

"చెడ్డదని నేనన్నానా? రాగులు మంచివని నాకూ తెలుసు. ఆ పిల్ల నీ డబ్బా జోలికి రాకూడదు, అంతే," అంది విజయవాడ టీచరు సుమతి. "వచ్చే నెల నీ ఇఖామా అయిపోతోంది. కొత్తది కొట్టించకపోతే ఊరికి పోవాల్సిందే. ఇద్దరు ఆయాల్లో ఒకర్నే ఉంచుతానంది మామా. ఎవర్నని నన్నే అడుగుతుంది."

రెండో ఆయా షగుఫ్తా కడప మనిషి. కుట్టు వైపు చూసి నవ్వింది. "నీ సంగటికి నువ్వే గోరీ కడ్తాండావు గదక్కా."

ముద్ద బాగా కుదిరింది. పైన చిన్న గుంట, అందులో నెయ్యి మెరుపుకి పసుపు పూస. మరునాడు క్లాసులో అక్షయ దాన్ని రెండు చేతులా పట్టుకొని నేరుగా పచ్చ పళ్లెంలో పెట్టింది. మిగతా పిల్లలూ దానికోసమే కొట్టుకున్నారు.

సుమతి ముద్ద తెచ్చి రెడ్డెమ్మ ఒళ్లో పడేసింది. "బాగా కుట్టావు. అదే తప్పు. చూస్తే ముట్టబుద్ధి కాకూడదు."

రెడ్డెమ్మ పూస తెంపింది. అంచులు విప్పి సొట్టలు పడేలా లాగి కుట్టింది. నల్లదారంతో మూడు ఈగలు వేసింది. రెక్కలు సరిగ్గా రాలేదని ఒకదాన్ని విప్పి మళ్లీ వేసింది.

ఆ మరునాడు అక్షయ ముద్దను తాకి చెయ్యి వెనక్కి లాక్కుంది. రెండు వేళ్లతో పట్టుకొని ఎర్ర పళ్లెంలోకి విసిరింది. "బ్యాడ్ ఫుడ్," అంది. సుమతి చప్పట్లు కొట్టింది.

పది గంటలకు రెడ్డెమ్మ డబ్బా తెరిచి, అలవాటు కొద్దీ చిటికెడు సంగటి తీసి చాపింది. అక్షయ ముక్కు మూసుకుంది. "బ్యాడ్ ఫుడ్. బ్యాడ్ ఆయా." తక్కిన పిల్లలు అందుకున్నారు. సుమతి ఫోన్లో అంతా తీసి తల్లికి పంపింది: మీ పాప ఇవాళ మాట్లాడింది.

సాయంత్రం సుమతి వచ్చి, "వీడియో మామాకూ చూపించా. తెగ నచ్చింది. నిన్నే ఉంచుతానంది. ఇంకో నాలుగు బ్రాంచీలకు ఇలాంటి ముద్దలే నాలుగు కావాలట," అంది.

షగుఫ్తా ఆ మాట విని, చీపురు పట్టుకొని అవతలి గదిలోకి పోయింది.

గురువారానికి నాలుగూ అయ్యాయి. చివరి ముద్ద దారం పంటితో తెంచి, సంచిలో సర్ది, రెడ్డెమ్మ సుమతి చేతికిచ్చింది.

"ఈగలకు గట్టిగ ముడేసినా మేడమ్. పిల్లోళ్లు పీకినా ఊడవు."