నూకరత్నం పెట్టించిన రెండో బ్యాటరీ

చోడవరం సంతలో ఎండుచేపలు అమ్మే నూకరత్నం దగ్గర కొత్తవాళ్లే బేరమాడేవారు. పాతవాళ్లకు ఆమె సంగతి తెలుసు. ఒక ధర చెప్పిందంటే అదే ధర. ఇంకో మాట అంటే గంప మీద గోనె కప్పేసి, "నీకమ్మను, ఎల్లు" అనేది. వాళ్లే మళ్లీ వారం తిరిగి వచ్చేవారు. ఆమె చేపలో ఇసుక ఉండదు, పురుగు ఉండదు.

ఆమె పుట్టింది చోడవరంలో కాదు. అచ్యుతాపురం దాటి సముద్రం వైపు పోతే వచ్చే జాలారిపాలెంలో. చిన్నప్పుడు తల్లి వెనకాల గంప మోసుకుని చోడవరం సంతకు వచ్చేది. ఆ రాకపోకల్లోనే చెరుకు బండి తోలే జగ్గయ్యతో పరిచయమైంది. వలేసే ఇంటి పిల్ల, దుక్కి దున్నే ఇంటి కుర్రాడు. రెండు వైపులా ఒప్పుకోలేదు. "ఒప్పుకోమని మిమ్మల్ని ఎవులడిగేరు?" అని ఆమె జగ్గయ్యనే కట్టుకుంది. తండ్రి చాలా ఏళ్లు ఆమె మొహం చూడలేదు. పోయే ముందు మాత్రం కబురంపి పిలిపించుకుని, తన తెప్ప కూతురికీ కొడుక్కీ చెరిసగమని పదిమందిలో చెప్పి కన్నుమూశాడు.

ఆ తెప్ప అమ్మగా వచ్చినదానికి నూకరత్నం సంతలో కూడబెట్టుకున్నది కలిపి అక్కాతమ్ముళ్లు చిన్న ఫైబర్ పడవ కొన్నారు. దానికి తాళం తిప్పితే స్టార్టయ్యే, బ్యాటరీ లేకపోతే హ్యాండిలు వేసి చేత్తో తిప్పాల్సిన డీజిల్ ఇంజను, ఒక బ్యాటరీ, వల దగ్గర వెలిగించుకోడానికి ఒక లైటు. తమ్ముడు సత్యారావు మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వేటకు వెళ్లేవాడు. పచ్చిగా అమ్ముడుపోని చేపను నూకరత్నం ఒడ్డునే ఎండబెట్టి చోడవరం తెచ్చుకునేది. పదేళ్లు తనతో మాట్లాడని తండ్రి పడవ రూపంలో తనకో దారి వదిలి వెళ్లాడని ఆమెకు లోపల్లోపల గర్వంగా ఉండేది.

తొంభై నాలుగులో, చెరుకు సీజను మంచి ఊపు మీదున్నప్పుడు ఆమె చేప కోసం పాలెం వెళ్లింది. సత్యారావు భార్య రాజ్యం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని పాక వెనక్కి తీసుకుపోయింది.

"వదినా, మీ తమ్ముడు సెప్పడు గానీ నాను సెప్తన్నాను. మొన్న పడవ పొద్దుటికి రాలేదు. ఆ రోజంతా నాను ఇసకలోనే కూకున్నాను. లైటు ఆర్పకుండా ఒగ్గీసేరట. బ్యాటరీ సచ్చిపోయింది. హ్యాండిలు ఏసి తిప్పబోతే అది ఎదురుతన్ని ఈయన మణికట్టు మీద కొట్టింది. మిగతా ఇద్దరి వల్లా అవలేదు. గాలికి కొట్టుకుపోతుంటే వేరే రేవోళ్ల పడవ తాడేసి లాక్కొచ్చింది."

"ఇందాక ఒడ్డున అడిగితే నాతో వల సిక్కుకుందన్నాడు."

"ఊరందరితోనూ అలాగే సెప్పేడు."

నూకరత్నం తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. చేప కట్టుకుని చోడవరం వచ్చేసింది. ఆ సాయంత్రం జగ్గయ్య ఇంటికి రావడం ఆలస్యమైంది. అప్పటికి అతను బండి మానేసి ట్రాక్టరు నడుపుతున్నాడు. పంచదార ఫ్యాక్టరీ దగ్గర లైనులో నిలబడి నిలబడి బ్యాటరీ డౌనయిందనీ, వెనకాల బళ్లవాళ్లంతా దిగి తోస్తేగానీ ఇంజను అందుకోలేదనీ చెప్పాడు. కంచం ముందు కూర్చున్న మొగుణ్ణి చూస్తూ ఆమె పాలెం సంగతి చెప్పింది.

జగ్గయ్య ముద్ద కంచంలో పెట్టేశాడు. "మాకైతే తొయ్యడానికి నేల ఉంది, మనుషులున్నారు. సముద్రంలో ఎవుడు తోస్తాడే?" అన్నాడు.

మర్నాడు ఆమె బస్టాండు దగ్గర పరదేశి కొట్టుకు వెళ్లింది. ట్రాక్టర్లకూ లారీలకూ బ్యాటరీలు చార్జింగు పెట్టేదీ, కొత్తవి అమ్మేదీ అతనే.

"సిన్న పడవ. ఒక బ్యాటరీ ఉంది. ఇంకోటి కావాలా, అక్కర్లేదా? నిజం సెప్పు పరదేశి బాబూ."

పరదేశి అమ్ముకునే మనిషే అయినా మొహమాటం లేకుండా చెప్పాడు. "ఉన్నది మంచిదయితే ఒకటి సాలక్కా. లైటు ఆర్పడం మర్సిపోకూడదు, అంతే."

"మా తమ్ముడు ఇంక మర్సిపోడని నువ్వు పూచీ ఉంటావా?"

"నానెలా ఉంటానక్కా?"

"ఐతే ఇంకోటి ఇయ్యి."

పరదేశి నవ్వి యాసిడ్ పొయ్యని కొత్త బ్యాటరీ ఇచ్చాడు. యాసిడ్ అక్కడి ఇంజను మెకానిక్కు దగ్గర పోయించుకోమన్నాడు. అనకాపల్లిలో బస్సు మారేటప్పుడు కండక్టరు అడ్డం నిలబడ్డాడు. బ్యాటరీ ఎక్కనివ్వనన్నాడు, జనం మీద యాసిడ్ పడుతుందన్నాడు. నూకరత్నం వాదించలేదు. మూతలు ఊడదీసి, దాన్ని ఎత్తి అతని బూట్ల మీదికి బోర్లించింది. చుక్క పడలేదు. బస్సులో జనం ఫక్కుమన్నారు. కండక్టరు పక్కకు తప్పుకున్నాడు.

సత్యారావు ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాడు. అక్క చేతిలోది చూసి అతని మొహం మాడిపోయింది.

"ఏటప్పా ఇది?"

"బ్యాటరీ. ఒకటి ఇంజనుకి, ఒకటి లైటుకి. లైటు తెల్లారిందాకా ఎలిగినా ఇంజను బ్యాటరీ నిండుగా ఉంటాది."

"బరువెక్కిపోద్ది. ఉప్పుగాలికి ఉన్నదే పాడైపోతంటే ఇంకోటా? నాన్న బతికినన్నాళ్లూ తెరసాపతో పోయేడు. ఆయనకి బ్యాటరీ ఉందా?"

"నాన్న తెరసాప నీకుందేటి మరి? లేదు కదా. ఇంజను ఆగితే నువ్వు దేంతో వస్తావు?"

చుట్టుపక్కల వలల దగ్గరున్న మగవాళ్లు చెవులు ఇటు పడేశారు. అది గమనించి సత్యారావు గొంతు పెంచాడు. "సోడవరంలో సెరుకు మద్దిన కాపరం సేసే మనిషివి. సముద్రం సంగతి నీకేటి తెలుస్తాది? ఈ పడవలో రెండో బ్యాటరీ ఎక్కదు."

"సగం పడవ నాది. నా సగంలో పెట్టుకుంటాను. నీ సగంలో పెడితే అడుగు."

నవ్వులు వినిపించాయి. సత్యారావుకు పౌరుషం వచ్చింది. ఇసుక మీదున్న పడవలోకి ఎక్కి, బ్యాటరీ తీగ ఊడదీసి, హ్యాండిలు బిగించి గట్టిగా తిప్పాడు. రెండోసారికో మూడోసారికో ఇంజను దడదడమని అందుకుంది. ఒడ్డంతా ఈలలు. "సూసేవా? బ్యాటరీ ఒక్కటి కూడా అక్కర్లేదు" అన్నాడు ఇంజను ఆపేసి.

నూకరత్నం ఆ ఈలలు ఆగేదాకా ఆగింది. "ఇసక మీద నిలబడి తిప్పేవు. కెరటాలు దాటి అక్కడ తిప్పు. నానూ వచ్చి సూస్తాను."

నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ పాలెంలో ఆడవాళ్లు చేప మోస్తారు, అమ్ముతారు, వలకు బరువు పూసలు గుచ్చుతారు. వేట పడవలో మాత్రం కాలు పెట్టరు. పెడితే వేట పడదని నమ్మకం. సత్యారావు పంతం కొద్దీ నీళ్లలోకి తోయించిన పడవ వెంట నూకరత్నం చీర మోకాళ్ల పైకి దోపుకుని నడిచి వెళ్లి, అంచు పట్టుకుని లోపలికి ఎక్కి కూర్చుంది. దింపబోతే దిగే మనిషి కాదని తమ్ముడికి చిన్నప్పటి నుంచీ తెలుసు.

కెరటాలు దాటాక ఇంజను ఆపారు. పడవ అటూ ఇటూ ఊగడం మొదలెట్టింది. సత్యారావు హ్యాండిలు వేశాడు. కాళ్లు నిలదొక్కుకునేలోగా పడవ ఒరిగింది. మళ్లీ వేశాడు, హ్యాండిలు జారింది. తిప్పుతూనే ఉన్నాడు. ఊపిరి ఎగపోసుకుంటూ, చెమట కళ్లలోకి కారుతుంటే, వాపు తగ్గని మణికట్టును రెండో చేత్తో అదిమి పట్టుకుని తిప్పాడు. నూకరత్నం ఆ చెయ్యే చూస్తూ కూర్చుంది. చాలించమనాలని నోటిదాకా వచ్చింది. అనలేదు. చివరికి ఇంజను దగ్గుతూ అందుకుంది.

సత్యారావు చతికిలబడి, "అయిందా లేదా?" అన్నాడు.

"అయింది. నువ్వు సెయ్యగలవు, కాదనను. నీకు జొరమొచ్చిన రోజు ఎవుడు సేస్తాడు? గాలి ఇంతకి రెట్టింపున్న రోజు ఎలా సేస్తావు? మొన్న ఎందుకు సెయ్యలేకపోయేవు?"

అతను తలెత్తి చూశాడు. ఎవరు చెప్పారని అడగలేదు. మెల్లగా మణికట్టును లుంగీ మడతలో దాచుకున్నాడు. పడవను ఒడ్డు వైపు తిప్పాడు. ఆ సాయంత్రమే మెకానిక్కు వచ్చి రెండో బ్యాటరీ బిగించి, లైటు తీగలు దానికి కలిపి వెళ్లాడు.

గొడవ అక్కడితో ముగియలేదు. పాలెం పెద్దలు కూర్చున్నారు. పడవ కడగాలన్నారు, గంగమ్మకు మేకపోతునివ్వాలన్నారు, నూకరత్నం అందరి ముందూ తప్పు ఒప్పుకోవాలన్నారు. అందాకా ఆ పడవలో ఎవరూ వేటకు వెళ్లకూడదన్నారు.

"మేకపోతునిస్తాను. అమ్మవారికి ఇవ్వడానికి నాకేటీ అభ్యంతరం లేదు" అంది ఆమె నిలబడి. "తప్పు మాత్రం ఒప్పుకోను. గంగమ్మ ఆడది కాదేటి? మీరు రోజూ ఆవిడ మీదే కదా పడవ నడుపుతన్నారు. నా కాలు తగిలితే ఆవిడకి మైల ఎలాగవుతాది?"

పెద్దవాళ్లలో ఒకాయన, "నోరు తగ్గించు" అన్నాడు.

"నా నోరు సంగతి తరవాత. ఎవులో తాడేసి లాక్కురాకపోతే ఆ రోజు మీ పాలెం మనుషులు ముగ్గురు ఎక్కడ తేలేవారో. పడవ కోసం మీరొక్కరైనా ఎతికేరా?"

పెద్దలు మాట వెనక్కి తీసుకోలేదు. మేకపోతు ఒక్కటే చాలదన్నారు, తప్పొప్పుకోవాల్సిందేనన్నారు. పడవ ఇసుక మీద ఉండిపోయింది. వేట బాగా పడుతున్న రోజులు అవి. అవతలి పడవలు బుట్టలు బుట్టలు దించుతుంటే సత్యారావు పాకలో పడుకుని గోడ వైపు తిరిగేవాడు. నూకరత్నానికి సంతలో గంప సగానికి తగ్గింది. వేరేవాళ్ల దగ్గర చేప కొనబోతే పాలెంలో ఆమెకు అమ్మలేదు. ఆమె వేరే రేవుకు వెళ్లి కొనుక్కుని వచ్చింది. జగ్గయ్య ఒకసారి మెల్లగా, "పోనీ ఒక్క మాట అనీసి ఊరుకోరాదా?" అన్నాడు. ఆమె చూసిన చూపుకు అతను మళ్లీ ఆ ఊసెత్తలేదు.

ముడి విప్పింది రాజ్యం. ఒక తెల్లవారుజామున ఆమె మొగుడి తెడ్డూ వలా తనే మోసుకుపోయి పడవలో పడేసి వచ్చిందట. "పడవేసుకుని ఎల్తే ఎల్లు. లేపోతే నానే సోడవరం పోయి వదినతో గంప ఎత్తుకుంటాను. పెద్దలు పెట్టే కూడు నువ్వు తిను" అందట. సత్యారావు లేచాడు. వెంట వెళ్లే ఇద్దరిలో ఒకడు రానన్నాడు, ఇంకొకడు వచ్చాడు. సాయంత్రానికి పడవ నిండుగా తిరిగొచ్చింది. మర్నాడు రానన్నవాడు కూడా వచ్చి అంచు పట్టుకుని తోశాడు. పెద్దలు మొహం తిప్పుకున్నారు. ఆ ఏడు అమ్మవారి పండక్కి నూకరత్నాన్ని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా ఆమె వెళ్లి పసుపూ కుంకుమా ఇచ్చి వచ్చింది.

మరుసటి ఏడు వానాకాలం వెళ్లాక సత్యారావు ఒకసారి చోడవరం వచ్చాడు. భోజనాలయ్యాక అరుగు మీద బావతో మాట్లాడుతూ, ఈమధ్య ఇంజను బ్యాటరీ దారిలో మొరాయించిందనీ, తీగలు రెండోదానికి మార్చుకుని వచ్చేశామనీ ఏదో మామూలు సంగతిలా చెప్పాడు. లోపల గిన్నెలు కడుగుతున్న నూకరత్నం విన్నది. చేతులు తుడుచుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఆ మాట నాతో సెప్పకూడదేట్రా?"

"నీతో సెప్తే నువ్వు ఊరుకుంటావా? పాలెమంతా సాటింపు ఏస్తావు."

"ఏస్తాను. తప్పేటి?"

సత్యారావు నవ్వాపుకోలేకపోయాడు. అక్కతో అతను నవ్వి అప్పటికి చాలా కాలమైంది.

ఆ మరుసటి వారం ఆమె చేప కోసం పాలెం వెళ్లినప్పుడు పడవ నీళ్లలో ఉంది. ఇంజను సరిచూసుకోడానికి సత్యారావు ఊరికే ఒక చుట్టు తిప్పి వస్తానన్నాడు. నూకరత్నం చెప్పులు ఇసుకలో విడిచి నీళ్లలోకి దిగింది. పెద్దల్లో ఒకాయన వలల దగ్గర నుంచి చూస్తూనే ఉన్నాడు. వెనక నుంచి రాజ్యం పరుగున వచ్చింది, అప్పటికే చీర కుచ్చెళ్లు దోపుకుని.

"వదినా, ఆగు. నానూ వస్తన్నాను. ఆ రోజు ఈయన ఎంత దూరం కొట్టుకుపోయేడో నాకు సూడాలుంది."

నూకరత్నం ముందు తను ఎక్కి, వంగి మరదలికి చెయ్యి అందించింది.