పోలీసమ్మ పెట్టిన తాళం

ఆ సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఆవిడను అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ ఆవిడ పోలీసమ్మ. అయితే ఆ మాట వెనకాలే తప్ప ఎదురుగా అనే ధైర్యం ఒక్కడికే ఉండేది. వాడు యజమాని బావమరిది. టీ తాగడానికి లేస్తూ కంప్యూటర్‌కు లాక్ వేయకుండా పోయినవాళ్ళను ఆవిడ నలుగురిలోనూ నిలదీసేది. పాస్‌వర్డ్ చీటీ మీద రాసి తెరకు అంటించుకుంటే, ఆ చీటీ చింపి ముక్కలు వాళ్ళ చేతిలోనే పెట్టేది. ముక్కు మీద కోపం, నోరు తెరిస్తే ములుకులు. మనుషుల్ని నమ్మడమంటే ఆవిడకు పడదు. అందుకు కారణం ఉంది గానీ ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే జాలి పడతారు. వాళ్ళ జాలి కంటే వాళ్ళ తిట్లే నయం అనుకునేది.

కారణం ఇంట్లోనే ఉంది. చెల్లెలు. మొగుడు మణికట్టు విరగ్గొట్టాక ఆ పిల్ల కొన్నాళ్ళు నోరు మూసుకుని భరించి, ఆఖరికి కట్టుబట్టలతో అక్క దగ్గరికి వచ్చేసింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ పాత ఇల్లు ఖాళీ చేసి, ఊరికి ఆ చివర, వాడికి తెలియని వీధిలో, పై అంతస్తులో రెండు గదులు తీసుకున్నారు. వాడు ఊరుకోలేదు. పాత వీధిలో ఇస్త్రీ దుకాణం దగ్గరా, మందుల షాపు దగ్గరా ఆరా తీస్తున్నాడని తెలిసింది. కనబడితే ఈసారి మణికట్టుతో వదలనని కూడా అన్నాడట. పోలీసమ్మ తలుపుకు రెండో గడియ పెట్టించింది. చెల్లెలికి కొత్త ఫోను కొనిచ్చి, పాత నంబరు తెలిసిన చుట్టాలందరికీ మంగళం పాడించింది.

సరిగ్గా అప్పుడే ఆఫీసుకు ఒక పెద్ద ఆసుపత్రి పని వచ్చింది. రోగులు ఇంట్లో కూర్చునే తమ రిపోర్టులు, మళ్ళీ ఎప్పుడు రావాలో, మందులు ఏ చిరునామాకు పంపుతారో చూసుకునే యాప్ అది. చెల్లెలు విరిగిన చెయ్యి చూపించుకునేది ఆ ఆసుపత్రిలోనే. యాప్‌లోకి వచ్చేవాడు నిజంగా ఆ రోగేనా కాదా అని తేల్చే పద్ధతిని ఎంచుకునే బాధ్యత పోలీసమ్మ మీద పడింది. పడిందనడం తప్పు, ఆవిడే లాక్కుంది.

రెండు దారులున్నాయి. ఒకటి, బావమరిది సొంతంగా రాసింది. పాస్‌వర్డ్ పెట్టుకోవాలి, మర్చిపోతే మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. రెండోది, బయట రెడీమేడ్‌గా దొరికేది. దానికి పాస్‌వర్డే లేదు. ఆసుపత్రి కార్డు నంబరు కొడితే, ఆసుపత్రిలో రాయించిన ఫోనుకు ఒక సందేశం వస్తుంది. అందులో లింకు నొక్కితే తలుపు తెరుచుకుంటుంది.

మీటింగులో బావమరిది కాలు మీద కాలేసుకుని తన సరుకు గురించి ఊదరగొట్టాడు. "అమ్మ పుట్టింటి ఇంటిపేరు, మొదట చదివిన బడి, చిన్నప్పటి ముద్దుపేరు. ఇవి చెబితేనే లోపలికి. దొంగవెధవకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి మేడం?"

"దొంగకి తెలియవు. మొగుడికి తెలుస్తాయి," అంది పోలీసమ్మ.

యజమాని చిరాకు పడ్డాడు. "మీకు లోకమంతా దొంగలే కనిపిస్తారమ్మా. మొగుడికి తెలిస్తే ఏమైపోతుంది? ఇంటి మనిషేగా!"

ఇంటి మనిషి. ఆ మాటకు ఆవిడకు ఒళ్ళంతా కారం రాసినట్టయింది. బల్ల మీదున్న గ్లాసు తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టకుండా పళ్ళు నూరింది.

బావమరిది వదల్లేదు. "పోనీ మీ ఫోన్ లింకు సంగతి చెప్పండి. ఫోను ఎవరి చేతిలో ఉంటుందో మీకేం తెలుసు? మా అత్తగారికి నంబరంటూ లేదు. ఏం రావాలన్నా మా మామగారి జేబులోకే."

"మీ మామగారి జేబులు వెతకడానికి నేనిక్కడ ఉద్యోగం చెయ్యట్లేదు," అంది ఆవిడ. "ఈ రోజుల్లో ఎవరి ఫోను వాళ్ళ దగ్గరే ఉంటుంది. మీ అత్తగారికొకటి కొనిపెట్టండి, పుణ్యం వస్తుంది."

అందరూ గొల్లుమన్నారు. బావమరిది చెవులు ఎర్రబడ్డాయి. అడిగిన ప్రశ్న అక్కడే నవ్వుల్లో కొట్టుకుపోయింది.

తాడో పేడో తేల్చుకుందామని ఆవిడ లేచి, పక్క గదిలో బిల్లులు చూసుకుంటున్న యజమాని భార్యను పిలుచుకొచ్చింది. బావమరిదికి సొంత అక్క. "మేడం, ఇది సార్ ఖాతా. పాస్‌వర్డ్ మర్చిపోయారనుకోండి. తెరవగలరేమో చూడండి."

యాప్ పరీక్షించడానికి వేరే రోగి దొరక్క యజమాని తన అసలు రిపోర్టులే అందులో పెట్టాడు. ఆ సంగతి ఆయనకు గుర్తొచ్చి "ఆగు ఆగు" అనేలోగా, భార్య నిలబడే మూడు జవాబులూ కొట్టేసింది. ఖాతా తెరుచుకుంది.

"షుగరు ఇంతా!" అని కేక పెట్టిందావిడ. "నార్మల్ అన్నారు కదండీ! మధ్యాహ్నం కేకులు మానేశానన్నారు!"

అంతలోనే మురిసిపోయి తమ్ముడి భుజం తట్టింది. "ఎంత బాగా చేశావురా! ఇదే పెట్టు."

"ఫోన్ లింకే పెట్టండి," అన్నాడు యజమాని, తెర మీద చెయ్యి అడ్డం పెట్టుకుంటూ. "మళ్ళీ మాట్లాడొద్దు."

ఆడవాళ్ళ ప్రాణాలకు కదలని మనిషి కేకు ముక్క కోసం కదిలాడు. అయినా గెలుపు గెలుపే. తలుపు దగ్గర బావమరిది దారికడ్డంగా నిలబడ్డాడు. "మా అక్కని అడ్డం పెట్టుకుని గెలిచారు. గుర్తుంచుకుంటాను."

"ఉంచుకోండి. మూడు ప్రశ్నలకి జవాబులు కూడా గుర్తుంచుకోండి," అని పోలీసమ్మ వాడిని తోసుకుంటూ పోయింది.

యాప్ జనంలోకి వెళ్ళిన రోజు సాయంత్రం ఆవిడ ఇంటికి దాదాపు నవ్వుతూ వచ్చింది. చెల్లెలు కిటికీ పక్కన కూర్చుని, డాక్టరు చెప్పినట్టు రబ్బరు బంతిని పిసుకుతోంది.

"నీ కార్డేదే? మొదట నీ ఖాతానే తెరుద్దాం. అక్క పెట్టిన తాళం ఎలా ఉంటుందో చూద్దువుగాని."

కార్డు నంబరు కొట్టింది. మీ ఫోనుకు సందేశం పంపాం అని వచ్చింది. ఇద్దరూ చెల్లెలి ఫోను వంక చూశారు. అది పలకలేదు. పోలీసమ్మ నెట్‌వర్కును తిట్టింది, ఫోను కంపెనీని తిట్టింది, బావమరిది ఏదో కెలికి ఉంటాడని వాడినీ తిట్టింది.

చెల్లెలి చేతిలో బంతి ఆగిపోయింది. "ఏ నంబరుకి వెళ్ళిందక్కా?"

"ఆసుపత్రిలో రాయించిన నంబరుకే. నీ నంబరుకే."

"ఆసుపత్రిలో ఉన్నది ఆయన నంబరు. మెట్ల మీంచి పడ్డానని చెప్పి, తీసుకెళ్ళి రాయించింది ఆయనే కదా."

"కొత్తది ఇవ్వలేదుటే?"

"చేతికి కట్టే పట్టీలు ఇంటికి పంపాలని కొత్త చిరునామా అడిగారు, ఇచ్చాను. నంబరు ఎవరూ అడగలేదు." చెల్లెలు బంతిని కిటికీ గట్టు మీద విసురుగా పెట్టింది. "ఊళ్ళో వాళ్ళందర్నీ నిలదీస్తావు. నన్నొక్క మాట అడిగావా?"

పోలీసమ్మ కంప్యూటర్ ముందేసుకుని, ఎవరి అనుమతీ అడక్కుండా యాప్ మొత్తం ఆపేసింది. ఆసుపత్రి రోగులందరికీ ఒక్కసారిగా తలుపు మూసుకుపోయింది. కాసేపటికే యజమాని ఫోను చేసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు.

"ఎవడాపాడు? ఆసుపత్రి వాళ్ళు నా ప్రాణం తీస్తున్నారు!"

"నేనే ఆపాను సార్. మీ బావమరిది పక్కనున్నారా? వినమనండి. ఫోను ఎవరి చేతిలో ఉంటుందని ఆయన అడిగారు. నేను నవ్వులపాలు చేశాను. నేను ఎంచుకున్నది తప్పు."

అవతల బావమరిది నవ్వు వినిపించింది. "ఇప్పుడు తెలిసిందా మేడం, మా మామగారి జేబు?"

"తెలిసింది. మీ నవ్వు అయ్యాక ఒక పని చెయ్యండి. ఈ కార్డు నంబరుకి వెళ్ళిన లింకు ఎవరైనా నొక్కారేమో మీ దగ్గర కనిపిస్తుంది, చూడండి. అది మా చెల్లెలిది. వాళ్ళాయన దాని చెయ్యి విరగ్గొట్టాడు. మేమెక్కడుంటున్నామో వాడికి తెలియదు."

మొదటిసారి ఆవిడ ఆ మాట బయటికి అంది. అవతల నవ్వు ఆగింది. మీటలు కొడుతున్న చప్పుడు. తర్వాత ఏ వెటకారమూ లేని గొంతు.

"నొక్కారు మేడం. మీరు ఆపకముందే."

"ఏం చూశాడు?"

"రిపోర్టులు తెరవలేదు. చిరునామా పేజీ ఒక్కటే చూశాడు."

ఆవిడ ఫోను పెట్టేసి వెనక్కి తిరిగింది. చెల్లెలు అప్పటికే సంచి మంచం మీద పెట్టి బట్టలు కుక్కుతోంది. విరిగి అతుక్కున్న చేత్తో జిప్పు లాగలేకపోతోంది. పోలీసమ్మ వెళ్ళి సంచి రెండు అంచులూ దగ్గరికి పట్టుకుంది.

"ఎక్కడికక్కా?" అంది చెల్లెలు, తలెత్తకుండా.

పోలీసమ్మకు చటుక్కున నోటికి వచ్చిన జవాబు ఉంది. దాన్ని ఆపుకుంది.

"నువ్వు చెప్పు," అంది. "ఈసారి నువ్వే చెప్పు."